లూపస్ ఉందా? బిడ్డ కోసం అనుకునే ముందే ఈ జాగ్రత్తలు

లూపస్, షోగ్రెన్ (రోగనిరోధక శక్తి మన ఒంటి మీదే దాడి చేసే జబ్బులు) ఉన్నవాళ్లు గర్భానికి ముందే ఇవి చూసుకోండి.

• యాంటీ-రో, యాంటీ-లా అనే యాంటీబాడీలు ఉన్నాయేమో రక్తపరీక్షలు చేయించుకోండి. ఏఎన్‌ఏ (ఇలాంటి జబ్బులకు మొదట చేసే రక్తపరీక్ష) రిపోర్టు ఒక్కటే చాలదు. ఒంట్లో ఏ బాధా లేని తల్లికి కూడా ఈ యాంటీబాడీలు ఉండొచ్చు. ఇవి మాయ దాటి, బిడ్డ గుండెలో విద్యుత్ సంకేతాలు వెళ్లే దారిని దెబ్బతీయగలవు. అప్పుడు నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకోవాల్సిన గుండె 50, 60కి పడిపోతుంది. తల్లికి మాత్రం ఏమీ తెలియదు.

• పాజిటివ్ వచ్చిందని టెన్షన్ పడకండి. తొలి కాన్పులో ఈ హార్ట్ బ్లాక్ (గుండెలో సంకేతాల దారి దెబ్బతినడం) వచ్చేది నూటికి ఒకరిద్దరు పిల్లలకే. ముందు బిడ్డకు వచ్చి ఉంటే మాత్రం ఆ ముప్పు నూటికి 16 దాకా ఉంటుంది. అత్తింట్లో ఏమనుకుంటారోనని ఆ సంగతి దాచొద్దమ్మా, డాక్టరుకు మొదటి రోజే చెప్పండి.

• లూపస్‌కు ఇచ్చే హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్ర వాడుతుంటే, గర్భం వచ్చిందని మీ అంతట మీరు ఆపేయకండి. ఇది మరీ మరీ చెబుతున్నాను. మళ్లీ బ్లాక్ వచ్చే ముప్పును తగ్గించే మందు అది.

• ఎక్కువగా 18 నుంచి 24 వారాల మధ్యే బ్లాక్ బయటపడుతుంది. 16వ వారం నుంచే ఫీటల్ ఎకో (కడుపులో బిడ్డ గుండెకు చేసే స్కాన్) ఎన్నిసార్లు, ఎక్కడ తీయించాలో అడిగి, తేదీలు ఫైలు అట్ట మీదే రాసుకోండి. పూర్తి బ్లాక్ ఏర్పడ్డాక మందులతో వెనక్కి రాదు.

• బ్లాక్ తేలితే, పసిబిడ్డకు పేస్‌మేకర్ (గుండెను సరైన వేగంతో కొట్టించే చిన్న పరికరం) పెట్టగల ఆసుపత్రిలోనే కాన్పు.