పాత గేమింగ్ పీసీ తడబడుతోందా? కొత్త కార్డు కొనేముందు బ్యాటరీ చూడండి

రైజెన్ 5 2600 లేదా 3600 ప్రాసెసర్, పక్కన జీటీఎక్స్ 1660 లాంటి గ్రాఫిక్స్ కార్డు. మొన్నటిదాకా హాయిగా నడిచిన గేమ్ ఇప్పుడు తడబడుతుంటే అందరిదీ ఒకటే ప్రశ్న: కార్డు మార్చాలా, మొత్తం కొత్తది కొనాలా? చిప్పులు వయసు పైబడి నెమ్మదించవు. అదే గేమ్, అవే సెట్టింగుల్లో ఉన్నట్టుండి వేగం తగ్గిందంటే ఏదో మారిందన్నమాట. ముందు దాన్ని పట్టుకోండి.

ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఎన్ని ఫ్రేములు) 60 దాటడం లేదు
విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో రిఫ్రెష్ రేటు చూడండి. 144 హెర్ట్జ్ మానిటర్ కొని 60 మీదే ఆడేవాళ్లు ఎందరో! గేమ్‌లో వీసింక్ (ఎఫ్‌పీఎస్‌ని మానిటర్ రిఫ్రెష్ రేటుకి కట్టేసే సెట్టింగు) ఆన్‌లో ఉందేమో కూడా చూడండి.

మొదట బాగుంటుంది, అరగంటకి పడిపోతుంది
వేడి. ప్రాసెసర్ 95 డిగ్రీలు తాకుతుంటే దుమ్ము దులిపి, థర్మల్ పేస్ట్ మార్చండి.

సగటు ఎఫ్‌పీఎస్ పర్వాలేదు, మధ్యమధ్యలో పట్టేస్తుంది. నిన్నటిదాకా బాగుండేది, ఇవాళ్టి నుంచి ఇలా
అనవసరంగా డబ్బు పోసే ప్రమాదం ఉన్నది ఇక్కడే. కారణం ఒక్కోసారి మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత ఉండే సీఆర్ 2032 బ్యాటరీ.

అది నీరసిస్తే చాలా బోర్డుల్లో బయోస్ (విండోస్ కంటే ముందు నడిచే బోర్డు సాఫ్ట్‌వేర్) సెట్టింగులు మొదటికొస్తాయి, ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగు) ఆఫ్ అవుతుంది. 3200 ర్యామ్ 2133కో 2400కో దిగిపోతుంది. రైజెన్‌లో లోపలి భాగాలను కలిపే ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ వేగం ర్యామ్‌తో ముడిపడి ఉంటుంది కాబట్టి దెబ్బ ప్రాసెసర్‌కీ తగులుతుంది.

బ్యాటరీ పోతే గడియారం తప్పుతుంది కదా, తెలిసిపోదా అంటారు. చాలాసార్లు తెలియదు. నెట్ రాగానే విండోస్ టైమ్ సరిచేసేసుకుంటుంది. పైగా మన ఇళ్లలో రాత్రి ప్లగ్ స్విచ్ ఆపే అలవాటు. స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపు ఆ గడియారానికి పవర్ సప్లై నుంచే కరెంటు అందుతుంది, ఆపితే భారమంతా బ్యాటరీదే. అందుకే ఎక్స్‌ఎంపీ ఆన్ చేశాక స్విచ్ ఆపనంతకాలం గేమ్ బాగుంటుంది, ఆపిన మర్నాడు మళ్లీ మామూలే.

టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, ఆ కింద మెమొరీ తెరిచి స్పీడ్ చదవండి. సీపీయూ-జెడ్ అనే యాప్‌లో చూస్తే 3200 ర్యామ్‌కి 1600 కనిపిస్తుంది, అది సగం లెక్క చూపిస్తుంది కాబట్టి సరైనదే. తక్కువుంటే బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఆన్ చేయండి (కొన్ని బోర్డుల్లో దాని పేరు డీఓసీపీ). పని అయిపోయిందని లేచిపోకండి. రాత్రంతా ప్లగ్ స్విచ్ ఆపి, పొద్దున విండోస్‌లోకి వెళ్లకుండా నేరుగా బయోస్‌లో టైమ్ చూడండి. వెనకబడితే బ్యాటరీ మార్చాల్సిందే. ప్లగ్ తీసి, క్లిప్ నొక్కి, ప్లస్ గుర్తు పైకి ఉండేలా కొత్తది పెట్టి, ఎక్స్‌ఎంపీ మళ్లీ ఆన్ చేయండి. కిరాణా కొట్లో కూడా దొరికే బ్యాటరీ ఇది. 2025 చివర్లో ర్యామ్ ధరలు ఎలా ఎగబాకాయో చూశారుగా, ఈ పరీక్ష చేయకుండా కొత్త ర్యామ్ కొనకండి.

మూత ఎలాగూ తీశారు కాబట్టి స్లాట్లు కూడా చూడండి. రెండు ర్యామ్ స్టిక్కులుంటే దాదాపు అన్ని నాలుగు స్లాట్ల బోర్డుల్లో ప్రాసెసర్ వైపు నుంచి రెండో, నాలుగో స్లాట్లలో ఉండాలి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా చాలడం లేదు
అప్పుడు అప్‌గ్రేడ్ మాట. ఆఫ్టర్‌బర్నర్ (కార్డు వాడకం చూపించే యాప్) పెట్టి ఆడండి. ఎఫ్‌పీఎస్ పరిమితి ఏదీ లేకుండా జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) వాడకం 97 శాతం దగ్గరే ఉంటే కార్డు మార్చండి. వాడకం 60 శాతం దగ్గర ఊగిసలాడుతుంటే ప్రాసెసర్ మార్చాలి. ఏఎం4 (పాత రైజెన్‌ల సాకెట్) బోర్డు అయితే అదృష్టవంతులు: చాలా బోర్డుల్లో బయోస్ అప్‌డేట్ చేసి రైజెన్ 5 5600 పెట్టేయొచ్చు, ర్యామ్ అదే సరిపోతుంది. ఇంటెల్ ఆరో, ఏడో తరం ఐ5 అయితే దాని మీద ఒక్క రూపాయి పెట్టొద్దు. సాకెట్ పేరు 1151 ఒకటే అయినా ఎనిమిదో తరం ఆ బోర్డులో నడవదు. విండోస్ 10 మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది, ఇంటెల్‌లో విండోస్ 11 అధికారికంగా మొదలయ్యేది దాదాపుగా ఎనిమిదో తరం నుంచే. బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ కలిపి మార్చండి. క్యాబినెట్, ఎస్‌ఎస్‌డీ, కార్డు ఉంచుకోండి.

వైరస్, పాడైన స్లాట్, చెడిన కేబుల్ లాంటివీ కారణం కావచ్చు. పైవన్నీ అయ్యాకే వాటి జోలికి వెళ్లండి.