హారం మరిచిన లెక్క: తండా ఎదుగుదలను కొలిచేదెలా

ఏటా ఫిబ్రవరి 15న లంబాడీల గురువు సేవాలాల్ జయంతికి మా తండా మొదట్లో ఫ్లెక్సీ కడతారు. మొన్నటిసారి దాని మీద తొమ్మిది ఫోటోలు. ఇద్దరు కానిస్టేబుళ్లు, ఒక నర్సు, ఒక బ్యాంకు ఉద్యోగి, సాఫ్ట్‌వేర్ పిల్లలు నలుగురు, చివర్లో లెక్కల మాస్టారినైన నేను. "మన జాతి ఎంత ఎదిగిందో చూడండి" అని మైకులో చెబుతుంటే పక్కనున్నతన్ని అడిగాను: "తొమ్మిది మంది సరే, ఎంతమందిలో?" అతను నన్ను వింతగా చూశాడు. భిన్నంలో పైనున్నది లవం, కిందున్నది హారం అని బడిలో చెబుతాం. సభల్లో మాత్రం లవం మెడలో హారాలు వేసి, అసలు హారాన్ని మరిచిపోతాం.

మాది నల్గొండ జిల్లా దేవరకొండ వైపు లంబాడీ తండా. చదువు, ఉపాధి లెక్క కోసం రెండుసార్లు ఇల్లిల్లూ తిరిగాను. మీ కులానికో, పేటకో, ఊరికో ఇలాంటి లెక్క తీయాలనుకుంటే నేను చేసిన తప్పులైనా మీకు పనికొస్తాయి.

అన్నిటికంటే ముందు మనుషుల జాబితా తయారు కావాలి. మొదటిసారి నేను దసరా సెలవుల్లో తిరిగితే సగం ఇళ్లకు తాళాలు. ఆటో నడిపేవాళ్లు, మేస్త్రీ పనుల వాళ్లు అందరూ హైదరాబాదులో ఉన్నారు. వాళ్లను వదిలేస్తే తండాలో ముసలివాళ్ల లెక్కే మిగులుతుంది. అందుకే రెండోసారి జాబితాను శ్రావణంలో తీజ్ రోజుల్లో రాశాను. తొమ్మిది రోజుల పండుగకు అందరూ ఇంటికి వస్తారు. అయితే చుట్టాలూ వస్తారు కాబట్టి ఒక నియమం పెట్టుకోండి. తండాలో ఇల్లుండి, పనికోసం బయట ఉన్నవారు లెక్కలోకి వస్తారు. కోడళ్లు వస్తారు. పెళ్లయి వెళ్లిన ఆడపడుచులు వాళ్ల అత్తగారి ఊరి లెక్కలో ఉంటారు కాబట్టి మొత్తంలో కలపకూడదు. కానీ వాళ్లను పూర్తిగా వదిలేస్తే మనం చదివించిన ఆడపిల్లలు కనిపించకుండా పోతారు. నేను వాళ్లకు వేరే పేజీ పెట్టాను.

వయసు దగ్గర ఆధార్‌ను నమ్మకండి. మా తండాలో పెద్దవాళ్లలో చాలామంది జనవరి 1నే పుట్టారు! "ఇందిరమ్మ చనిపోయిన ఏడు నువ్వెంత ఉంటావు?" అని అడిగితే 1984 నుంచి లెక్క కట్టుకోవచ్చు.

చదువు విషయంలో "చదువు వచ్చా?" అని అడిగితే ఏమీ తేలదు. జనాభా లెక్కల్లో ఏడేళ్లు దాటినవారిలో ఏ భాషలోనైనా అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం వచ్చినవారిని అక్షరాస్యులంటారు. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67 శాతం, అందులో గిరిజనులది 49 శాతం. దూరం ఎంతో ఇది చెబుతుంది. నిన్నటి పిల్లలు ఏం చేశారో మాత్రం చెప్పదు, ఎందుకంటే బడి ముఖం చూడని తాతలు, అవ్వలు కూడా ఆ హారంలోనే ఉంటారు. కాబట్టి ప్రతి మనిషికీ రెండే ప్రశ్నలు వేయండి: ఆఖరున ఏ తరగతి పాసయ్యారు, ఆ తర్వాత దేనిలోనైనా చేరారా. పాసవడం, చేరడం వేరు వేరు. మా దగ్గర పదో తరగతి పాసై ఇంటర్లో చేరనివాళ్లు ఒక గుంపు, చేరి మానేసినవాళ్లు ఇంకో గుంపు. గురుకులాల్లో, ఆశ్రమ పాఠశాలల్లో ఉన్న పిల్లలు ఊరి బడి రిజిస్టరులో ఉండరు, వాళ్లను ఇంటి దగ్గరే రాసుకోవాలి.

తర్వాత వయసుల వారీగా విడగొట్టండి. 20–24 ఏళ్లవారిలో ఇంటర్ పూర్తిచేసినవారు ఎంతమంది? 30–34లో? 40–44లో? పాత సర్వే లేకపోయినా ఒకే సర్వేలో ఇరవై ఏళ్ల చరిత్ర కళ్లముందుకొస్తుంది. పుట్టిన ఏడు 1970కి అటూ ఇటూ కూడా నేను ఒక గీత గీశాను. తెలంగాణ ప్రాంతపు లంబాడీలు షెడ్యూల్డ్ తెగల్లోకి వచ్చింది 1976 సవరణ చట్టంతో. అంతకు ముందే బడి ఈడు వచ్చినవాళ్లనూ తర్వాతివాళ్లనూ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు.

ఉపాధి దగ్గరే నేను బోర్లాపడ్డాను. ఒక ఇంటి అరుగు మీద కూర్చున్న పెద్దామెను "యాడీ (అమ్మా), మీ కోడలు ఏం పని చేస్తుంది?" అని అడిగాను. "ఏం చేస్తుంది, ఇంట్లోనే ఉంటుంది" అంది. "పని లేదు" అని రాస్తుండగానే ఆ కోడలు పత్తి బస్తా నెత్తిన పెట్టుకుని వాకిట్లోకి వచ్చింది. వేళ్ల చివర్లు పత్తికాయ పెంకులు గీరుకుని ఎర్రగా ఉన్నాయి. కిలోకి ఇంత చొప్పున పొద్దుటినుంచి ఏరి వస్తోంది. రాసింది కొట్టేశాను. అటుపైన "ఉద్యోగం", "పని" అనే మాటలు మానేసి, "గత ఏడాదిలో చేతికి డబ్బు ఎలా వచ్చింది? నెలకా, రోజుకా, కిలోకా?" అని అడగడం మొదలుపెట్టాను. జవాబు వీలైనంతవరకు ఆ మనిషి నోటినుంచే రావాలి.

ప్రభుత్వ కార్మిక సర్వేలో ఒక కొలత ప్రకారం గడిచిన ఏడు రోజుల్లో ఒక్క గంట పనిచేసినా ఉపాధి ఉన్నట్టే. నిరుద్యోగ రేటుకు హారం పనిచేస్తున్నవారు, పని వెతుకుతున్నవారు మాత్రమే. విసిగి వెతకడం మానేసినవాడు హారంలోంచే జారిపోతాడు, రేటు తగ్గినట్టు కనిపిస్తుంది. అందుకని ఏడాదిలో ఎన్ని నెలలు పని దొరికింది, పీఎఫ్ కోత ఉందా, చదివిన చదువుకూ పనికీ పొంతన ఉందా అని రాసుకోండి. హైదరాబాదు అశోక్‌నగర్లో గది తీసుకుని ఉద్యోగ పోటీ పరీక్షలకు "ప్రిపేర్ అవుతున్న" పిల్లలకు వేరే కాలమ్ పెట్టండి, ఎన్నేళ్లుగా అన్నది కూడా. వాళ్లను విద్యార్థులంటే అబద్ధం, నిరుద్యోగులంటే తల్లులు ఊరుకోరు.

చిన్న ఊళ్లో శాతాలు మోసం చేస్తాయి. 20–24 ఏళ్లవారు 14 మందే ఉన్నారనుకోండి, ఒక్కడు ఇంటర్ పాసైతే ఏడు శాతం పెరుగుతుంది. "14లో 5" అనే రాయండి, లేదా నాలుగు తండాలు కలిపి లెక్కించండి. పోలికకు రాష్ట్ర సగటు తీసుకునేటప్పుడు వెనుకబడిన తరగతులను గుర్తించడానికి మండల్ కమిషన్ వాడిన పద్ధతి గుర్తుంచుకోవచ్చు. అసలు బడికే వెళ్లని పిల్లలు రాష్ట్ర సగటు కంటే కనీసం 25 శాతం ఎక్కువుంటే వెనుకబాటుకు ఒక గుర్తు. సగటు 20 అయితే గీత 25 దగ్గర పడుతుంది. మా తొమ్మిదో తరగతి పిల్లల్లో సగం మంది 45 అంటారు, కొందరు నాయకులు కూడా.

ఒక హెచ్చరిక. మొదటిసారి నేను ఇంటి పేర్లతో సహా సభలో చదివాను. ఏ అమ్మాయి పెళ్లికోసం చదువు మానిందో అందరిముందూ చెప్పినట్టయింది. రెండు ఇళ్లవాళ్లు ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు, అది నాకు తగినదే. ఇప్పుడు ఇళ్లకు నంబర్లే. పేర్లున్న పుస్తకం బీరువాలో ఉంటుంది.

ఈసారి నోటు పుస్తకం ఇంటర్ చదివే ఒక అమ్మాయికి ఇచ్చాను. నాతో చెప్పని మాటలు ఆడవాళ్లు ఆమెతో చెబుతున్నారు. మొదటి రోజే ఆమె నా కాలమ్‌ల పక్కన ఇంకోటి గీసుకుంది: "కాలేజీకి బస్సు ఎన్నింటికి?" ఆడవాళ్లకు 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ ప్రయాణం ఉచితమే కదా అన్నాను. "టికెట్ లేదు సార్, బస్సు కూడా లేదు" అంది. ఆ కాలమ్‌లో ఇప్పటిదాకా నిండినవన్నీ గీతలే.