సెంటు కొనేది ఏసీ షాపులో, పూసుకునేది ఎండలో

నల్గొండైనా, మహబూబ్‌నగర్ అయినా, సెంటుకు డబ్బులిచ్చే ముందు ఒకసారి షాపు బయటికొచ్చి వాసన చూడండి. ఏసీ చల్లదనంలో వాసన నెమ్మదిగా లేస్తుంది. పైగా అక్కడి గాలిలో అప్పటికే పది సీసాల వాసన కలిసి ఉంటుంది, ముక్కు మొద్దుబారిపోతుంది. అదే సెంటు మే నెలలో, 42 డిగ్రీల ఎండలో ఒంటి మీద ఉంటే కథ వేరు. వేడికి వాసననిచ్చే నూనెలు త్వరత్వరగా ఆవిరవుతాయి. నిమ్మ, నారింజ లాంటి తేలిక వాసనలు ముందే ఎగిరిపోతాయి. గంధం, కస్తూరి, ఊద్ లాంటి బరువైనవి మిగిలి ఘాటెక్కుతాయి. షాపులో హాయిగా అనిపించిన ఊద్ అత్తరు మిట్టమధ్యాహ్నం కిక్కిరిసిన ఆర్టీసీ బస్సులో పక్కవాళ్లకు తలనొప్పి తెప్పించేది ఇందుకే.

కాబట్టి కాగితం ముక్క మీద వాసన చూసి తేల్చుకోకండి. మణికట్టు మీద ఒక్కసారి కొట్టించుకుని, రుద్దకుండా, బయటికెళ్లి చాయ్ తాగి రండి. అరగంట తర్వాత ఎలా ఉందో చూడండి. రెండో రకం చూడాలంటే రెండో చెయ్యి ఉంది, మూడోది ఇంకో రోజు. మధ్యలో కాఫీ గింజల వాసన చూడమంటారు గానీ, నా లెక్కలో బయటి గాలే మేలు.

ఎండాకాలం పగటిపూట తేలికవి చాలు. ఊద్ లాంటివి చలికాలానికి, రాత్రి దావత్‌లకు దాచుకోండి. సీసాను మాత్రం బండి డిక్కీలోనో, కారు డాష్‌బోర్డు మీదో వదలకండి. వేడికి, వెలుతురికి సెంటు పాడవుతుంది. బీరువాలో పెట్టండి, అదీ పడమటి ఎండ కొట్టే గోడ పక్కన కాకుండా.