బంకమట్టి నీటిని ఎంత నెమ్మదిగా వదులుతుంది? కన్సాలిడేషన్ టెస్ట్ సరిగ్గా చేసే తీరు

నీటితో పూర్తిగా నానిన బంకమట్టి మీద బరువు పెట్టిన క్షణంలో ఆ బరువును మోసేది మట్టి రేణువులు కావు, వాటి మధ్య చిక్కుకున్న నీరు. ఆ నీరు మెల్లగా బయటికి పోతున్న కొద్దీ బరువు రేణువుల మీదికి మారుతుంది, మట్టి అణుగుతుంది. అణిగే కొద్దీ రంధ్రాలు ఇరుకై మిగిలిన నీటికి దారి ఇంకా కష్టమవుతుంది. 1923లో మట్టి మెకానిక్స్ శాస్త్రానికి పునాది వేసిన కార్ల్ టెర్జాగీ ఇస్తాంబుల్‌లో పనిచేస్తున్న రోజుల్లో దీన్ని సమీకరణంగా రాశాడు. విశాఖ, కాకినాడ తీరాల్లోని మెత్తటి సముద్రపు బంకమట్టి మీద ఏది కట్టాలన్నా ఈ అణుగుడును కొలిచే కన్సాలిడేషన్ టెస్ట్ తప్పదు. మన దగ్గర పద్ధతి భారత ప్రమాణం ఐఎస్ 2720, 15వ భాగంలో ఉంది.

60 మిల్లీమీటర్ల వ్యాసం, 20 మిల్లీమీటర్ల ఎత్తున్న రింగు తీసుకోండి. లోపలివైపు సిలికాన్ గ్రీజు పలుచగా రాయండి. లేకపోతే మట్టి గోడకు పట్టుకుని, పెట్టిన బరువులో కొంత ఆ రాపిడికే పోతుంది. రింగును మట్టిలోకి ఒక్కసారిగా గుద్దకండి. చుట్టూ కొద్దికొద్దిగా చెక్కుతూ దించండి. పైనా కిందా సన్నని తీగతో కోయండి. చాకుతో పదేపదే రుద్ది నునుపు చేస్తే పై పొర రంధ్రాలు పూడిపోతాయి, నీరు బయటికొచ్చే తలుపు మీరే మూసినట్టవుతుంది. గుల్లపెంకు ముక్క ఈడ్చుకుపోయి అంచున గాడి పడిందా? ఆ నమూనా పక్కన పెట్టి ఇంకోటి కోయండి. గాడి ఉన్నచోట నీరు మట్టిలోంచి కాక పక్కనుంచి పారుతుంది.

ఎక్కువమంది నిర్లక్ష్యం చేసేది పోరస్ రాళ్లను, అంటే నమూనాకు పైనా కిందా పెట్టే, నీరు పోయే సన్నని రంధ్రాలున్న బిళ్లలను. వాటిని నీటిలో పదిహేను నిమిషాలకు తక్కువ కాకుండా మరిగించి, వాడేదాకా నీటిలోనే ఉంచండి. రాయిలో గాలి మిగిలితే బరువు పెట్టగానే ముందు ఆ గాలి నలుగుతుంది, అణుగుడును కొలిచే ముల్లు మీటరు (డయల్ గేజ్) దాన్ని మట్టి అణుగుడుగా చూపిస్తుంది. మట్టికీ రాయికీ మధ్య తడి ఫిల్టర్ పేపర్ వేయండి. పై రాయి వ్యాసం రింగు కన్నా 0.5 మిల్లీమీటర్ల మేరకు తక్కువ ఉంటే చాలు, సందు పెద్దదైతే మెత్తటి మట్టి అందులోంచి పిండి వచ్చేస్తుంది.

ముందు 5 కిలోపాస్కల్స్ కూర్చోబెట్టే బరువు (సీటింగ్ లోడ్) పెట్టి, రింగు ఉన్న పాత్రలో, అంటే సెల్‌లో, నీళ్లు నింపండి. గేజ్ ముల్లు వెనక్కి తిరిగితే మట్టి ఉబ్బుతోందన్నమాట, అది ఆగేదాకా బరువు కొద్దిగా పెంచండి. తర్వాత 10, 20, 50, 100, 200, 400, 800 కిలోపాస్కల్స్. ఒక్కో మెట్టుకు 24 గంటలు. 60 మిల్లీమీటర్ల రింగుకు 50 కిలోపాస్కల్స్ అంటే సుమారు 14.4 కిలోల బరువు, లీవర్ నిష్పత్తి పదైతే హ్యాంగర్ మీద మొత్తం 1.44 కిలోలే. బరువును వదిలేయకుండా చేత్తో మెల్లగా ఆనించండి, గేజ్ అదరకూడదు.

రీడింగ్‌లు 0.25, 1, 2.25, 4, 6.25, 9, 12.25, 16, 20.25, 25, 36, 49, 60 నిమిషాలకు, ఆపై 2, 4, 8, 24 గంటలకు. ఈ సంఖ్యలు వింతగా ఉన్నా కారణముంది: 49 దాకా అన్నిటికీ వర్గమూలం తీస్తే చక్కగా వస్తాయి. రీడింగ్‌ను √t మీద గీస్తే (t అంటే గడిచిన నిమిషాలు) మొదటి భాగం సరళరేఖ. ప్రతి ఎత్తు దగ్గరా ఆ సరళరేఖ √t విలువకు 1.15 రెట్లు దూరంలో రెండో గీత గీయండి, అది వక్రాన్ని తాకిన చోటే √t90. t90 అంటే 90 శాతం అణగడానికి పట్టే సమయం.

మట్టి ఎంత వేగంగా అణుగుతుందో చెప్పే గుణకం cv = 0.848 d² / t90. పైనా కిందా రెండువైపులా నీరు పోతుంది కాబట్టి d అంటే సగం ఎత్తు, అది కూడా ఆ మెట్టులోని సగటు ఎత్తులో సగం. d 10 మిల్లీమీటర్లు, t90 36 నిమిషాలు అనుకుంటే cv నిమిషానికి సుమారు 2.36 చదరపు మిల్లీమీటర్లు, అంటే ఏడాదికి 1.24 చదరపు మీటర్లు. మట్టి ఎంత నొక్కుడుపడుతుందో చెప్పే mv మెగాన్యూటన్‌కు 0.5 చదరపు మీటర్లైతే, k = cv × mv × γw లెక్కన (γw అంటే నీటి యూనిట్ బరువు) పారగమ్యత k ఏడాదికి 6 మిల్లీమీటర్ల దగ్గర తేలుతుంది. ఈ లెక్క ప్రతి మెట్టుకూ విడిగా చేయండి. అన్నిటికీ కలిపి ఒకే సగటు ఇవ్వడం మా దృష్టిలో పెద్ద తప్పు, ఎందుకంటే బరువుతో పాటు k తగ్గుతూ పోతుంది, తెలుసుకోవాల్సిందే అది.

సెల్‌లో నీళ్లు తగ్గకుండా చూడండి, మట్టి ఆరితే ఆ అణుగుడు వేరే లెక్క. అన్నీ అయ్యాక బరువులు అంచెలంచెలుగా తీసి, నమూనాను 105–110 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టి తూకం వేయండి. ఆ తూకం పోయిందంటే వాయిడ్ రేషియో, అంటే ఘన రేణువుల ఘనపరిమాణానికి రంధ్రాల నిష్పత్తి, లెక్క కుదరదు.

సైటుకు వర్తింపజేసేటప్పుడు కాలం d వర్గంతో పెరుగుతుందని గుర్తుంచుకోండి. ల్యాబ్‌లో 36 నిమిషాల్లో అణిగిన ఈ మట్టే, పైనా కిందా నీరు పోయే 10 మీటర్ల పొరగా ఉంటే 90 శాతం అణగడానికి సుమారు 17 ఏళ్లు పడుతుంది. పొరలో సన్నని ఇసుక చారలుంటే మాత్రం అంతకాలం పట్టదు, అందుకే బోర్ లాగ్‌లో, అంటే సైటులో తవ్విన బోరు పొరల నమోదులో, అవి ఎక్కడెక్కడ ఉన్నాయో చూశాకే ఆ సంఖ్యను రిపోర్టులో రాయండి.