బీటెక్‌లో చేరే పిల్లలకు ల్యాప్‌టాప్: ఏది కొనాలి, ఎప్పుడు కొనాలి?

ఈఏపీసెట్ ర్యాంకు రాగానే చాలా ఇళ్లలో మొదట జరిగే ఖర్చు ల్యాప్‌టాప్. అప్పటికి కౌన్సెలింగ్ మొదలై ఉండదు. సీటు ఏ కాలేజీలో వస్తుందో, ఏ బ్రాంచిలో వస్తుందో తెలియదు. అయినా "ఎలాగూ కొనాల్సిందే కదా" అని కొనేస్తారు. నా ఉద్దేశంలో ఆ తొందర అక్కర్లేదు. కాస్త ఆగితే వస్తువూ సరైనది దొరుకుతుంది, డబ్బూ మిగులుతుంది. అయితే ఎంతకాలం ఆగాలో తెలిసి ఆగాలి.

1. ముందు బ్రాంచి తేలనివ్వండి

మెకానికల్ సీటు వచ్చే అబ్బాయికి ముందే మ్యాక్‌బుక్ కొనిచ్చారనుకోండి. యంత్ర భాగాల డిజైన్‌కు వాడే సాలిడ్‌వర్క్స్ విండోస్ మీదే నడుస్తుంది. సివిల్ వాళ్లు భవనాల డిజైన్‌కు వాడే రెవిట్‌దీ అదే కథ. ఈసీఈ పిల్లలు చిప్ డిజైన్‌కు వాడే వివాడో కూడా మ్యాక్‌కు రాదు. అదే కంప్యూటర్ సైన్స్ అయితే మ్యాక్ బ్రహ్మాండంగా పనికొస్తుంది.

మొదటి సెమిస్టర్‌లో లెక్కలు, ఫిజిక్స్ లేదా కెమిస్ట్రీ, సీ లాంగ్వేజ్, ఇంజినీరింగ్ డ్రాయింగ్ లాంటివే ఉంటాయి. సీ ప్రోగ్రాములకు కాలేజీ ల్యాబే చాలు, ఇంట్లో పాత కంప్యూటర్ ఉంటే అదీ చాలు. సీనియర్లను అడిగితే మొదటి రెండు నెలలు ల్యాప్‌టాప్‌తో ఏం చేశారో నిజం చెప్తారు. ఎక్కువ మంది సినిమాలే చూసి ఉంటారు.

కాలేజీ మొదటి రోజు నుంచే ల్యాప్‌టాప్ తెమ్మంటే మాట వేరు. అడ్మిషన్ రోజునే ఆ సంగతి కనుక్కోండి. అలా అడగకపోతే మీకు దసరా దాకా టైముంది.

2. పనిని బట్టి అంకెలు రాసుకోండి

షోరూంకి వెళ్లేముందే ఒక కాగితం మీద కనీసం ఏమేం ఉండాలో రాసుకోండి. లేకపోతే అక్కడ వాళ్ల దగ్గర స్టాకు ఉన్నదే మీకు కావలసినదైపోతుంది.

ర్యామ్ 16 జీబీ. ఈ విషయంలో రాజీ వద్దు. "ఇప్పుడు 8 తీసుకుని తర్వాత ఇంకో 8 వేయించుకుందాం" అనేది ఇన్నాళ్లూ మంచి సలహానే. 2025 చివరి నుంచి అది తిరగబడింది. మెమరీ చిప్పులు చేసే కంపెనీలు ఏఐ డేటా సెంటర్ల వైపు మళ్లడంతో మామూలు ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. మైక్రాన్ అయితే జనం విడిగా కొనుక్కునే క్రూషియల్ బ్రాండునే ఆపేస్తున్నట్టు ఆ డిసెంబరులో ప్రకటించింది. పైగా సన్నటి ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ను చాలావరకు బోర్డుకే సోల్డర్ చేసేస్తారు. తర్వాత వేయడానికి చోటే ఉండదు.

స్టోరేజి 512 జీబీ ఎస్ఎస్‌డీ. ఈఎంఎంసీ (నెమ్మదిగా పనిచేసే చవక స్టోరేజి) అని రాసి ఉంటే అక్కడితో ఆ మోడల్‌ను వదిలేయండి.

గ్రాఫిక్స్ కార్డు అందరికీ అక్కర్లేదు. డిజైన్ సాఫ్ట్‌వేర్లు వాడే బ్రాంచిలకు, గేములు ఆడే పిల్లలకు కావాలి. "ఏఐ బ్రాంచి కదా, గేమింగ్ ల్యాప్‌టాపే ఉండాలి" అనే మాట బాగా వినిపిస్తోంది. నేర్చుకునే దశలో బ్రౌజర్‌లోనే ప్రోగ్రాములు నడిపించుకునే గూగుల్ కొలాబ్ ఉచితంగానే గ్రాఫిక్స్ ప్రాసెసర్ ఇస్తుంది, పరిమితులున్నా సరే. గేమింగ్ ల్యాప్‌టాప్ రెండు కిలోల పైనే తూగుతుంది, దాని ఛార్జరే ఓ ఇటుకంత ఉంటుంది. హాస్టల్ నుంచి క్లాసుకు రోజూ అది మోసేదెవరో ఆలోచించండి.

స్క్రీన్ గురించి ఎవరూ అడగరు, నాలుగేళ్లూ చూసేది మాత్రం దాన్నే. ఎన్‌టీఎస్‌సీ శాతం స్క్రీన్ ఎన్ని రంగులు చూపగలదో, నిట్స్ ఎంత వెలుగిస్తుందో చెబుతాయి. వివరాల్లో "45 శాతం ఎన్‌టీఎస్‌సీ, 250 నిట్స్" అని ఉంటే రంగులు పాలిపోయినట్టు ఉంటాయి. 300 నిట్స్ పైన, పక్క నుంచి చూసినా రంగులు మారని ఐపీఎస్ ప్యానెల్ చూసుకోండి.

ట్యాబ్ చాలదా అంటే, నోట్స్ రాసుకోవడానికి, పీడీఎఫ్‌లు చదవడానికి చక్కగా చాలుతుంది. ప్రోగ్రాములు రాయడానికి, డిజైన్ సాఫ్ట్‌వేర్లకు చాలదు.

3. ప్రాసెసర్ పేరును పూర్తిగా చదవండి

"ఐ5 అండి", "రైజెన్ 5 అండి" అని అమ్మేవాళ్లు అక్కడే ఆగిపోతారు. అసలు సంగతి ఆ తర్వాతి అంకెల్లో ఉంటుంది.

రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ. పేర్లు చూస్తే ఒక్క అంకే తేడా. రైజెన్ తయారుచేసే ఏఎండీ కంపెనీ 7000 వరుసలో మూడో అంకె లోపలి డిజైన్ ఏ తరానిదో చెబుతుంది. మొదటిదాంట్లో ఉన్నది 2019లో వచ్చిన జెన్ 2 డిజైన్, నాలుగు కోర్లు (పని చేసే భాగాలు). రెండోదాంట్లో జెన్ 3, ఆరు కోర్లు. రెండింటి మీదా స్టిక్కరు మాత్రం ఒకేలా ఉంటుంది.

ఇంటెల్‌లో చివరి అక్షరం చూడండి. యూ అయితే కరెంటు తక్కువ తాగుతుంది, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. హెచ్ అయితే వేగం ఎక్కువ, వేడీ ఎక్కువే. అంకెల ముందు ఎన్ అక్షరం ఉన్నవి చిన్నచిన్న పనులకే, బీటెక్ నాలుగేళ్లకు ఆనవు.

సెకండ్ హ్యాండ్ చూసేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. హైదరాబాద్ ఐటీ కంపెనీలు మార్చేసిన ల్యాప్‌టాప్‌లు శుభ్రం చేసి, రీఫర్బిష్డ్ పేరుతో తక్కువ ధరకు అమ్ముతుంటారు. వాటిలో మంచివీ ఉంటాయి. అయితే విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. విండోస్ 11కు ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం నుంచే అర్హత. ఐ5 6300యూ అని ఉంటే అది 6వ తరం. ఎంత చవగ్గా వచ్చినా వద్దు.

4. క్యాలెండర్ పక్కన పెట్టుకోండి

ఏటా జనవరిలో లాస్ వెగాస్‌లో జరిగే సీఈఎస్ ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో కొత్త ప్రాసెసర్లు బయటికొస్తాయి. వాటితో చేసిన ల్యాప్‌టాప్‌లు మన షాపులకు వచ్చే నెలల్లో కిందటి ఏడాది మోడళ్ల మీద తగ్గింపులు మొదలవుతాయి. తర్వాత సాధారణంగా జూలైలో అమెజాన్ ప్రైమ్ డే, ఆగస్టు 15 అమ్మకాలు, ఆపైన దసరా ముందు వచ్చే పెద్ద సేల్స్. 2025లో ఫ్లిప్‌కార్ట్ బిగ్ బిలియన్ డేస్, అమెజాన్ గ్రేట్ ఇండియన్ ఫెస్టివల్ రెండూ సెప్టెంబరు 23నే మొదలయ్యాయి. దానికి ముందు రోజే జీఎస్టీ రేట్లు మారాయి. పెద్ద టీవీలు, ఏసీలు 28 నుంచి 18 శాతానికి తగ్గాయి గానీ ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు ముందూ 18 శాతమే, తర్వాతా 18 శాతమే.

మ్యాక్‌బుక్ లెక్క వేరు. యాపిల్ విద్యార్థులకు ఏడాది పొడవునా ప్రత్యేక ధర ఇస్తుంది. 2025లో ఎం4 మ్యాక్‌బుక్ ఎయిర్ మామూలు ధర 99,900 రూపాయలైతే, విద్యార్థులకు 89,900. ఆ ఏడాది జూన్ నుంచి సెప్టెంబరు చివరి దాకా బహుమతిగా ఇయర్‌ఫోన్స్ లాంటివి కూడా కలిపారు. బయటి షాపులో బ్యాంకు ఆఫర్‌తో అంతకన్నా తక్కువకు రావచ్చు, రెండూ పోల్చుకోండి.

ఫోన్ కూడా అప్పుడే కొనాలనుకుంటే: ఐఫోన్ కొత్తది సెప్టెంబరులో వస్తుంది, వచ్చిన రోజే పాతదాని ధర తగ్గుతుంది. ఐఫోన్ 15 అలా 2024లో 79,900 నుంచి 69,900కు దిగింది, మరుసటి ఏడాది ఐఫోన్ 16దీ అచ్చం అదే దారి. ఆగస్టు చివర్లో ఐఫోన్ కొనడమంత అనవసరపు ఖర్చు ఇంకోటి లేదు. గెలాక్సీ ఎస్ వరుస కొత్త మోడళ్లు సాధారణంగా ఏడాది మొదట్లో వస్తాయి. ఎస్24 నుంచి శామ్‌సంగ్, పిక్సెల్ 8 నుంచి గూగుల్ ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామన్నాయి కాబట్టి ఏడాది పాత మోడల్ తీసుకున్నా ఢోకా లేదు. ఆ ఏళ్లు లెక్కపెట్టేది ఫోన్ విడుదలైన నాటి నుంచి, మీరు కొన్న నాటి నుంచి కాదు. చవక ఫోన్లలో ఇది గట్టిగా చూసుకోవాలి.

అన్నిటికన్నా తేలికైన పని ఒకటుంది. నచ్చిన రెండు మూడు మోడళ్ల ధరను నెల ముందు నుంచే వారానికోసారి రాసి పెట్టుకోండి. సేల్ రోజు "80 వేలది 55 వేలకే" అని కనిపిస్తే, నిన్నటిదాకా అది 57 వేలేనని మీ కాగితం చెబుతుంది. ఎమ్మార్పీ మీద ఎంత శాతం తగ్గించారన్నది అసలు పట్టించుకోకండి.

5. చేతి నుంచి పోయే మొత్తం లెక్కేయండి

బ్యాంకు కార్డు మీద 10 శాతం తగ్గింపు అంటే చివర్లో "గరిష్ఠంగా ఇంత" అని ఉంటుంది. ఆ పరిమితి చదవండి. బంధువుల కార్డు వాడితే బిల్లు ఎవరి పేరు మీద వస్తుందో చూసుకోండి.

నో కాస్ట్ ఈఎంఐలో బ్యాంకు వడ్డీ వేస్తుంది, అంత మొత్తాన్ని ముందే ధరలో తగ్గిస్తారు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మాత్రం మీరే కట్టాలి. ఉదాహరణకు వడ్డీ 4,500 అయితే జీఎస్టీ 810. ప్రాసెసింగ్ ఫీజు 199, దాని మీద జీఎస్టీ కలిపితే మరో 235. మొత్తం వెయ్యి దాటింది. పెద్ద మొత్తమేం కాదు, సున్నా కూడా కాదు.

నాన్న వ్యాపారం జీఎస్టీ నంబరు మీద బిల్లు చేయిస్తే పన్ను వెనక్కొస్తుందని కొందరు సలహా ఇస్తారు. పిల్లల చదువుకు కొన్నదానికి ఆ క్రెడిట్ వర్తించదు.

సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర కంప్యూటర్ షాపుల సముదాయం సీటీసీలో గానీ, మీ ఊరి షాపులో గానీ బేరమాడేటప్పుడు మోడల్ పేరు కాదు, బాక్సు మీద ఉన్న పూర్తి పార్ట్ నంబరు పోల్చండి. ఒకే పేరుతో స్క్రీన్, ర్యామ్ వేరుగా ఉండే రకాలు పది ఉంటాయి.

అమెరికాలో ఉన్న అన్నయ్య తెస్తానంటే, 18 ఏళ్లు దాటిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్ కస్టమ్స్ సుంకం లేకుండా తేవచ్చు. అక్కడి ధరకు రాష్ట్రాన్ని బట్టి అమ్మకపు పన్ను కలుస్తుంది. వారంటీ ఇండియాలో చెల్లుతుందో లేదో ముందే అడగండి, చాలా మోడళ్లకు చెల్లదు. ఐఫోన్ అయితే 14 నుంచి అమెరికా మోడళ్లలో సిమ్ పెట్టే చోటే ఉండదు, ఫోన్ లోపలే ఉండే ఈసిమ్ ఒక్కటే.

6. డబ్బు కట్టాక మొదటి గంట

డెలివరీ బాక్సు సీలు తీయడం దగ్గర నుంచి వీడియో తీయండి. బాక్సు మీద, ల్యాప్‌టాప్ అడుగున సీరియల్ నంబరు ఒకటేనా చూసి, కంపెనీ వెబ్‌సైట్లో కొట్టండి. వారంటీ మొదలైన తేదీ నెలల క్రితంది అని వస్తే అది డెమో పీసో, ఎవరో తిరిగిచ్చిందో అయ్యుండొచ్చు. తెల్ల తెర, నల్ల తెర పెట్టి వెలగని చుక్కలున్నాయేమో వెతకండి.

షోరూంలో కుర్రాడు "నేను సెటప్ చేసిస్తా" అని తన మెయిల్ ఐడీ పెట్టబోతే వద్దనండి. ల్యాప్‌టాప్‌తో వచ్చే ఆఫీస్ సాఫ్ట్‌వేర్ మొదట ఏ మైక్రోసాఫ్ట్ ఖాతాతో తెరిస్తే దానికే ముడిపడిపోతుంది. పిల్లల సొంత మెయిల్‌తోనే తెరవండి, అదీ ఆలస్యం చేయకుండా. దాన్ని యాక్టివేట్ చేసుకోవడానికి గడువుంటుంది.

ఫోనైతే స్టార్ హాష్ 06 హాష్ నొక్కి ఐఎంఈఐ నంబరు (ఫోన్ గుర్తింపు నంబరు) తీసుకుని, ఇంగ్లీషు పెద్దక్షరాల్లో కేవైఎం అని, ఖాళీ వదిలి ఆ నంబరు రాసి 14422కు ఎస్ఎంఎస్ పంపితే వివరాలొస్తాయి. సెకండ్ హ్యాండ్ ఫోన్‌కు ఇది డబ్బు ఇవ్వకముందే చేయాలి.

తేడా ఉంటే రిటర్న్ గడువులోపే చెప్పండి, ఫిర్యాదు రాతపూర్వకంగా పెట్టండి. అమ్మినవాళ్లు తిప్పించుకుంటుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడొచ్చు. బిల్లు, సీరియల్ నంబరు ఫొటోలు అప్పటికే మీ ఫోన్లో ఉండాలి.