డ్రైవరు లేని రైలు, కండక్టరు లేని టికెట్: మెట్రోటౌన్ పోయే మన పెద్దలకు

కావలి డిపోలో ఇరవై తొమ్మిదేళ్లు కండక్టరుగా చేసి రిటైరయ్యాను. నిరుడు అక్టోబరు నుంచి మార్చి దాకా కెనడాలో మా అబ్బాయి దగ్గర ఉండొచ్చాను. ఊరు బర్నబీ, వాంకూవర్‌ని తూర్పున ఆనుకునే ఉంటుంది. అప్పటినుంచి మనవాళ్లు ఎవరు బయల్దేరుతున్నా ఫోన్ చేసి ‘అక్కడ పొద్దు ఎట్టా పోతుందన్నా?’ అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికి విడిగా చెప్పలేక ఇది రాస్తున్నా.

ముందు టికెట్లు బుక్ చేసే రోజే మీ పిల్లల్ని ఒక మాట అడగండి: ఇంటి నుంచి స్కైట్రెయిన్ (అక్కడి మెట్రో రైలు) స్టేషన్‌కి నడిచి ఎంతసేపు? కారులో ఎంతసేపు అని కాదు, నడిచి. బర్నబీలో మెట్రోటౌన్, బ్రెంట్‌వుడ్, లోహీడ్, ఎడ్మండ్స్ అని నాలుగు టౌన్ సెంటర్లున్నాయి. స్టేషన్ చుట్టూ ముప్పై నలభై అంతస్తుల టవర్లు, కింద అంగళ్లు. అక్కడి నుంచి నాలుగు వీధులు దాటామంటే మామూలు పెంకుటిళ్లలాంటి చిన్న ఇళ్లే. మన దగ్గర ఊరు పెరిగేది బైపాస్ వెంబడి. అక్కడ రైలు పట్టా వెంబడి పెరిగింది. 1891లోనే ఆ దారిలో ట్రామ్ బండి నడిచిందట. వాంకూవర్‌లో జరిగిన ఎక్స్‌పో 86 అనే ప్రపంచ ప్రదర్శన కోసం 1985 చివర్లో స్కైట్రెయిన్ మొదలుపెట్టినప్పుడు చాలావరకు అదే బాట వాడుకున్నారు. మీ వాళ్ల ఇల్లు స్టేషన్‌కి పది నిమిషాల నడకలో ఉంటే మీరు అదృష్టవంతులు. లేకపోతే మనవడి స్కూలు బస్సు కోసం కిటికీలోంచి చూడటమే పని.

ఇక టవర్ సంగతి. తలుపుకి తాళంచెవి ఉంటుంది గానీ గేటుకీ లిఫ్టుకీ చిన్న ప్లాస్టిక్ బిళ్ల ఇస్తారు, ఫాబ్ అంటారు. చెత్త పడేయడానికి పోయినా అది జేబులో ఉండాలి. మాకిచ్చిన ఫాబ్‌తో లిఫ్టు మా అంతస్తుకి తప్ప వేరే అంతస్తుకి కదిలేది కాదు. పైగా అక్కడ నేల మీదున్నదే ఫస్ట్ ఫ్లోర్. మా బిల్డింగులో 4, 13, 14 అంకెలే లేవు, చైనా వాళ్లకి నాలుగు అచ్చిరాదట. అంతస్తులు లెక్కపెట్టుకుంటూ పోవద్దు, మీ నంబరు కంఠతా పెట్టుకోండి.

వంట గురించి ఆడవాళ్లు తప్పకుండా వినాలి. పోయిన రెండో రోజే మా ఆవిడ పప్పులోకి ఎండుమిరపకాయల తిరగమాత వేసింది. పొగకి సీలింగ్ మీదున్న అలారం కూత మొదలుపెట్టింది. నేను హడావుడిగా ఫ్లాట్ల మధ్య ఉండే వరండా వైపు తలుపు తీయబోతుంటే కోడలు పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది. ఆ పొగ వరండాలోకి పోతే బిల్డింగ్ మొత్తానికీ అలారం మోగి, ఫైరింజన్లు వస్తాయట. కాబట్టి తిరగమాతకి ముందే పొయ్యి మీదున్న ఫ్యాన్ వేసి, కిటికీ తెరవండి. వరండా తలుపు మాత్రం తీయొద్దు. కూరగాయల తొక్కలు, చేపముళ్లు, మిగిలిన అన్నం వేరే డబ్బాలో వేయాలి. 2015 నుంచి ఆ ప్రాంతమంతా అదే రూలు.

ఇప్పుడు నా సబ్జెక్టు, టికెట్.

కాంపస్ కార్డు అని ఒకటి కొనాలి. ఆరు డాలర్లు డిపాజిట్, వెనక్కి ఇస్తారు. 65 లోపు పెద్దవాళ్లకి నీలం రంగు కార్డు, 65 నిండినవాళ్లకి రాయితీ కార్డు, అది నారింజ రంగు. మన ఆర్టీసీలో 60 నిండితే చాలు, అక్కడ అలా కాదు. వయసు చూపించే కాగితం దగ్గర పెట్టుకోండి, పాస్‌పోర్టు చాలు. నాది మా అబ్బాయి లండన్ డ్రగ్స్ అనే మందుల షాపులో తెచ్చాడు.

జోన్ అంటే మన స్టేజీ లాంటిదే. వాంకూవర్ ఒకటి, బర్నబీ రెండు, సర్రే మూడు. స్టేషన్ గేటు దగ్గర కార్డు తాకిస్తే ముందు ఎక్కువ ఛార్జీ పట్టుకుంటుంది, దిగి బయటికొచ్చేటప్పుడు మళ్లీ తాకిస్తే మిగతాది తిరిగి వేస్తుంది. తాకించడం మరిచారా, ఆ డబ్బు పోయినట్టే. బస్సులో మాత్రం ఎక్కేటప్పుడు ఒక్కసారి చాలు, దిగేటప్పుడు అక్కర్లేదు. సాయంత్రం ఆరున్నర దాటాక, శని ఆదివారాల్లో ఎంత దూరమైనా ఒకే జోన్ ఛార్జీ. ఒకసారి తాకించిన టికెట్ తొంభై నిమిషాలు చెల్లుతుంది. ఆ లోపల బస్సు, రైలు, మళ్లీ బస్సు, వెనక్కి కూడా తిరగొచ్చు. ఇరవై తొమ్మిదేళ్లు ‘ఈ టికెట్ ఈ బస్సుకే’ అని జనంతో గొడవపడిన నాకు ఇది మింగుడుపడటానికి వారం పట్టింది.

రైలుకి డ్రైవరు ఉండడు. భయపడొద్దు. ముందు పెట్టెలో అద్దం పక్క సీటు ఖాళీగా ఉంటే మాత్రం వదలొద్దు, పట్టాలు మన మీదికే వస్తున్నట్టుంటుంది. రద్దీ వేళ రెండు మూడు నిమిషాలకో రైలు ఉంటుంది కాబట్టి పరిగెత్తే పని లేదు. రైట్ రైట్ అనే మనిషి ఉండడు, మూడు స్వరాల గంట మోగి తలుపులు మూసుకుంటాయి. ఆ గంట విన్నాక కాలు పెట్టొద్దు. ఎస్కలేటర్ మీద కుడివైపు నిలబడండి, ఎడమవైపు నడిచేవాళ్లది. ఏదైనా ఇబ్బందైతే కిటికీ దగ్గరున్న పసుపు పట్టీ నొక్కాలి, చప్పుడు లేకుండానే కంట్రోల్ రూమ్‌కి తెలుస్తుంది. స్టేషన్లలో బాత్రూములు ఉంటాయని నమ్ముకోవద్దు, ఎదురుగా ఉన్న మాల్‌లో పని ముగించుకుని ఎక్కండి.

నేను తప్పు చేసింది బోర్డు దగ్గర. మెట్రోటౌన్‌లో తూర్పుకి పోయే ప్లాట్‌ఫారం ఒకటే గానీ అక్కడికి రెండు రకాల రైళ్లొస్తాయి. ఒకటి సర్రేలోని కింగ్ జార్జ్ స్టేషన్‌కి పోయేది, ఇంకోటి ప్రొడక్షన్ వే స్టేషన్‌కి పోయేది. సర్రే పోవాల్సిన నేను ముందొచ్చింది ఎక్కేశాను. కొలంబియా స్టేషన్ దాటగానే ఫ్రేజర్ నది మీద పెద్ద తీగల వంతెన వస్తుందని అబ్బాయి చెప్పాడు. పెన్న వంతెన కంటే ఎలా ఉంటుందో చూద్దామని కిటికీకి ముఖం ఆనించి కూర్చున్నా. నది రాలేదు. సపర్టన్ అనే పేరు వచ్చింది. బస్సు మీద బోర్డు చూడకుండా ఎక్కిన ప్రయాణికుల్ని నేను ఎన్నిసార్లు విసుక్కున్నానో అప్పుడు గుర్తొచ్చింది. దిగి, ఎదురు రైల్లో కొలంబియాకి వెనక్కొచ్చి, కింగ్ జార్జ్ రైలు ఎక్కాను. ఈసారి వంతెన వచ్చింది. తొంభై నిమిషాల లోపే కాబట్టి పైసా ఎక్కువ కాలేదు. స్టేషన్ పేరు కాదు, రైలు మీద రాసిన చివరి స్టేషన్ పేరు చూసి ఎక్కండి. వాంకూవర్ డౌన్‌టౌన్‌కైతే వాటర్‌ఫ్రంట్ అని ఉంటుంది, సుమారు ఇరవై నిమిషాలు.

పొద్దు పోవడానికి మెట్రోటౌన్‌లో నా దినచర్య ఇదీ. వాన లేని రోజు ఒక స్టేషన్ ముందున్న ప్యాటర్సన్ దాకా నడిచి, పక్కనే ఉన్న సెంట్రల్ పార్కులో దేవదారు చెట్ల కింద ఒక చుట్టు. వాన రోజు మాల్ లోపలే నడక, తర్వాత లైబ్రరీ. నవంబరు నుంచి వాన రోజులే ఎక్కువ. మన తుఫాను వాన కాదు, ముసురు. డిసెంబరులో సాయంత్రం నాలుగుంపావుకే పొద్దు గుంకుతుంది, పొద్దున్నే బయటపడండి.

నడకలో ఒకటి గమనించాను. టవర్ల మధ్య అక్కడక్కడా మూడంతస్తుల పాత చెక్క అపార్ట్‌మెంట్లు, వాటి చుట్టూ కంచె. తక్కువ అద్దెకి ఉన్నవాళ్లని ఖాళీ చేయించి టవర్లు కట్టడం అక్కడ పెద్ద గొడవే అయిందట. ఆ తర్వాత సిటీ, పాత అద్దెకే కొత్త ఇంట్లోకి తిరిగి రానివ్వాలని నిబంధన పెట్టింది. స్టేషన్ పక్క స్థలానికి విలువ పెరిగితే అక్కడైనా ఇక్కడైనా ముందు కదిలేది అద్దెవాళ్లే.

నా నారింజ కార్డు ఇప్పుడు బీరువాలో ఉంది. ఒంగోలు నుంచి మా వియ్యంకుడు మే నెలలో వెళ్తున్నాడని తెలిసి ఇద్దామనుకున్నా. ఆయనకి ఇంకా 63. నీలం కార్డే కొనుక్కోవాలి.