అలాస్కా ఓడలో బాల్కనీ గది: డబ్బు కట్టే ముందు చూసుకోవలసినవి

వేసవిలో విజయవాడ, గుంటూరు నుంచి అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రులు ఎంతోమంది. అలా వెళ్ళినవాళ్ళ కోసం పిల్లలు ఆప్యాయంగా ఏర్పాటు చేసే ప్రయాణాల్లో అలాస్కా క్రూయిజ్ ఒకటి. ఏప్రిల్ చివరి నుంచి అక్టోబరు వరకు సియాటిల్, వాంకూవర్ రేవుల నుంచి ఈ ఓడలు బయలుదేరుతాయి. వీటిలో కిటికీ కూడా లేని లోపలి గదికీ బాల్కనీ ఉన్న గదికీ ధరలో బాగా తేడా ఉంటుంది. ఆ తేడా కట్టడం దండగని నేను అనను. మెట్లెక్కి, జనంలో నిలబడి చూడలేని పెద్దవాళ్ళకు సొంత గది తలుపు తీయగానే మంచుకొండలు కనిపించడం నిజంగా గొప్ప సౌకర్యం. అయితే చలిసముద్రంలో గాలికీ ఊపుకీ తట్టుకోలేని చోట గది తీసుకుంటే ఆ బాల్కనీ తలుపు తీసేవాళ్ళే ఉండరు. అందుకే గది ఎంపికలో మొదట చూడవలసినవి ఆ రెండే.

జూన్, జులై నెలల్లో అలాస్కా రాజధాని జూనోలో పగటి ఉష్ణోగ్రత 15 నుంచి 18 డిగ్రీల మధ్య ఉంటుందని చదివి, మన సంక్రాంతి తెల్లవారుజాము చలి లాంటిదే కదా అని చాలామంది ధైర్యపడతారు. ఆ అంకె ఊళ్ళో, నేల మీద ఉండే వేడిని చెబుతుందే గాని, నడుస్తున్న ఓడ మీద ఒంటికి తగిలే చలిని చెప్పదు. ఇరవై నాట్ల వేగంతో పోయే ఓడ గంటకు 37 కిలోమీటర్లు కదులుతుంది కాబట్టి, సముద్రం మీద గాలి ఏమాత్రం లేకపోయినా అంత వేగంతో ఎదురుగాలి ఓడను కొడుతూనే ఉంటుంది. హిమానీనదాల దగ్గర ఉష్ణోగ్రత 5 డిగ్రీలకు పడిపోయినప్పుడు, ఆ గాలిలో నిలబడిన ఒంటికి అది సున్నా కంటే కాస్త తక్కువగానే అనిపిస్తుంది. మే నెలలో 44 డిగ్రీల ఎండకు అలవాటుపడి, అక్కడి నుంచి నేరుగా వెళ్ళే శరీరానికి ఇది చిన్న మార్పు కాదు.

ఈ గాలి ఓడ అంతటా ఒకేలా ఉండదు. ముందు కొసన ఉన్న బాల్కనీల మీద అది నేరుగా పడుతుంది. ఓడ నడుస్తున్నంతసేపూ అక్కడ కూర్చోవడం కష్టం. వెనక కొసన ఉన్న బాల్కనీలకు ఓడ శరీరమే అడ్డుగా నిలుస్తుంది కాబట్టి ఎదురుగాలి బాధ తక్కువ, పైగా వెనక్కి పరుచుకునే నీటి చాలు చూడటానికి బాగుంటుంది. కాని అక్కడ యంత్రాల అదురు, ఒక్కోసారి పొగగొట్టం నుంచి రాలే మసి తప్పవు. నడిభాగంలోని గదులకు గాలి ఓ మాదిరిగానే తగులుతుంది, ఊపు మాత్రం అన్నిటికన్నా తక్కువ. గతుకుల దారిలో ఆర్టీసీ బస్సు చివరి సీటులో కూర్చున్నవాళ్ళకూ మధ్య సీటులో కూర్చున్నవాళ్ళకూ ఉండే తేడాయే ఇక్కడా ఉంటుంది.

ఎన్నో అంతస్తు అన్నది మన ఊళ్ళో అందరూ మొదట అడిగే ప్రశ్న. అపార్టుమెంటులో పైఅంతస్తుకు ఉన్న గౌరవాన్ని ఓడకు కూడా అంటగట్టి, ఎంత పైన ఉంటే అంత మంచిదనుకుంటారు. ఓడ పక్కకు ఒరిగినప్పుడు పైన ఉన్నవాళ్ళే ఎక్కువ ఊగుతారు. గాలి జోరు కూడా పైనే ఎక్కువ. కింది అంతస్తుల్లో తిమింగలం ఊపిరి వదిలినప్పుడు లేచే నీటిజల్లు దగ్గరగా కనబడుతుంది. కొన్ని ఓడల్లో కింది అంతస్తు బాల్కనీలకు కటకటాల స్థానంలో ఇనుప గోడ ఉండి, గాలి నుంచి మంచి మరుగు ఇస్తుంది. కూర్చున్నప్పుడు ఆ గోడ చూపుకు అడ్డమొస్తుందన్నది నిజమే అయినా, తలనొప్పో కీళ్ళనొప్పులో ఉన్న పెద్దవాళ్ళకు నేను ఆ గదినే సూచిస్తాను. నడిభాగంలో, కింది నుంచి మధ్య అంతస్తుల లోపు గది దొరికితే పైఅంతస్తు కోసం అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు.

ఏ దారిన వెళ్ళే ఓడ అన్నది కూడా ఊపును నిర్ణయిస్తుంది. వాంకూవర్ నుంచి వెళ్ళేవి సాధారణంగా దీవుల మధ్యనున్న ఇన్‌సైడ్ ప్యాసేజ్ గుండా, అలలు తక్కువగా ఉన్న నీటిలో సాగుతాయి. సియాటిల్ నుంచి వెళ్ళే ఓడల్లో చాలావరకు వాంకూవర్ దీవికి పడమరగా విశాల పసిఫిక్‌లోకి వెళతాయి. రెండో రకం ఎక్కేవాళ్ళు నడిభాగపు గది విషయంలో రాజీ పడకూడదు. వాంతుల మాత్రలు వెంట ఉంచుకోవచ్చుగాని, గ్లాకోమా, ప్రోస్టేట్ సమస్య ఉన్నవాళ్ళకు కొన్ని పడవు కాబట్టి ఇక్కడి డాక్టరును అడిగి తీసుకెళ్ళాలి.

బాల్కనీ మీద పైఅంతస్తు చూరు పూర్తిగా ఉందో లేదో ఓడ నమూనా పటంలో తప్పకుండా చూడాలి. కొన్ని ఓడల్లో కింది బాల్కనీలు పైవాటికన్నా బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. అలాంటిచోట సగమో, పూర్తిగానో ఆకాశమే పైకప్పు. పైవాళ్ళకు మనం కనిపిస్తాం. వాన నేరుగా కుర్చీల మీద పడుతుంది. విజయవాడలో ఏడాదికి సుమారు 1,000 మిల్లీమీటర్ల వాన పడితే, ఈ ఓడలు ఆగే కెచికాన్‌లో 3,500 మిల్లీమీటర్లకు పైగా పడుతుంది. చూరు లేని బాల్కనీకి అక్కడ డబ్బు పెట్టడం అనవసరం. అదే పటంలో గదికి పైన, కింద ఏముందో కూడా చూడాలి. పైన భోజనశాల ఉంటే తెల్లవారకముందే కుర్చీలు ఈడ్చే చప్పుడు, కింద నాటకశాల ఉంటే రాత్రి సంగీతం. పైనా కిందా గదులే ఉన్న అంతస్తు ఉత్తమం. కొన్ని గదుల ముందు లైఫ్‌బోట్లు వేలాడుతూ ఉంటాయి, ధర తగ్గడానికి అదే కారణం కావచ్చు.

కుడివైపా, ఎడమవైపా అన్నదానికి జవాబు ప్రయాణం తీరును బట్టి మారుతుంది. బయలుదేరిన రేవుకే తిరిగి వచ్చే ఓడలో ఏ వైపైనా ఒకటే. వాంకూవర్ నుంచి ఉత్తరంగా అలాస్కా రేవులైన సీవార్డ్‌కో విట్టియర్‌కో వెళ్ళి అక్కడ దిగిపోయే ప్రయాణంలో తీరం ఎక్కువగా కుడివైపు, అక్కడి నుంచి దక్షిణంగా వచ్చేటప్పుడు ఎడమవైపు ఉంటుంది. గ్లేసియర్ బే జాతీయ ఉద్యానంలోకి రోజుకు రెండు పెద్ద క్రూయిజ్ ఓడలనే అనుమతిస్తారు. అక్కడ మార్జరీ హిమానీనదం ముందు ఓడను మెల్లగా తిప్పుతారు కాబట్టి రెండువైపుల వాళ్ళకూ కనిపిస్తుంది.

గదిలో దిగాక తీసుకోవలసిన జాగ్రత్తల్లో మొదటిది తలుపు. గది తలుపు, బాల్కనీ తలుపు ఒకేసారి తెరిస్తే గాలి ఈడ్చుకుపోయి బరువైన తలుపు దభాలున మూసుకుంటుంది. వేళ్ళు నలిగేది అప్పుడే. ఎవరైనా బాల్కనీలోకి వెళ్ళేముందు గది తలుపు గడియపడిందో లేదో చూసుకోవాలి. తెల్లవారుజామున బాల్కనీ నేల తడిసి నున్నగా ఉంటుంది, హవాయి చెప్పులతో వెళ్ళకూడదు. చీర కట్టుకునే అత్తయ్యలు, అమ్మలు లోపల థర్మల్ దుస్తులు వేసుకుని, కుచ్చెళ్ళు గాలికి లేవకుండా పైన మోకాళ్ళ దాకా వచ్చే, గాలి చొరబడని కోటు వేసుకోవడం మంచిది. బీసెంట్ రోడ్డులో కొన్న ఉన్ని స్వెట్టరు ఒక్కటే అయితే గాలి దాని కళ్ళలోంచి దూరిపోతుంది. పిల్లలున్న ఇంటివాళ్ళు బాల్కనీ కుర్చీలను కటకటాలకు దూరంగా జరిపి ఉంచాలి.

నిప్పు విషయంలో ఓడవాళ్ళు కఠినంగా ఉంటారు, ఉండాలి కూడా. 2006 మార్చిలో జమైకా సమీపంలో స్టార్ ప్రిన్సెస్ అనే ఓడలో మంట ఒక బాల్కనీలోనే మొదలై పక్క గదులకు పాకింది, ఒక ప్రయాణికుడు చనిపోయాడు. ఆర్పకుండా పారేసిన సిగరెట్టు కారణమై ఉండవచ్చని దర్యాప్తులో తేలింది. ఆ తర్వాత బాల్కనీల అగ్నిభద్రతకు అంతర్జాతీయ నిబంధనలు బిగించారు. అందుచేత అగరుబత్తి, హారతి కర్పూరం, రైస్ కుక్కర్, ఇస్త్రీపెట్టె ఏవీ పెట్టెలో పెట్టకండి. ఉతికిన బట్టలు బాల్కనీలో ఆరేయడం కూడా కూడదు.

సియాటిల్ నుంచి వెళ్ళి సియాటిల్‌కే వచ్చే ఓడ కూడా మధ్యలో కెనడాలోని విక్టోరియా లాంటి రేవులో ఆగుతుంది. మన పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకు దీనికోసం కెనడా వీసా కావాలి, అమెరికా వీసా పలుమార్లు ప్రవేశించడానికి వీలున్నదై ఉండాలి. గదికి డబ్బు కట్టే ముందే ఇది తేల్చుకోవాలి.

చివరిగా, తక్కువ ధరకు వస్తుందని గది నంబరు ఇవ్వని గ్యారంటీ టికెట్టు తీసుకుంటే పైన చెప్పిన ఎంపికంతా ఓడ కంపెనీ చేతిలోకి పోతుంది. నంబరు తీసుకున్నవాళ్ళు కూడా ఉచితంగా పైతరగతికి మార్చవద్దని బుకింగ్‌లోనే రాయించుకోవాలి, లేకపోతే నడిభాగపు గది పోయి ముందు కొసన పైఅంతస్తు గది రావచ్చు. ధ్రువీకరణ పత్రం వచ్చిన రోజునే దాని మీది గది నంబరును పటంలో మరోసారి సరిచూసుకోండి.